పుత్తూరు కట్టు, పిండికట్టు, మా ఊరి మోచేతులు

కౌతాళంలో పిల్లవాడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడంటే ఇంట్లో మొదట వచ్చే మాట, “ఎవరితో కట్టిద్దాం?” ఆస్పత్రి మాట ఆ తర్వాత వస్తుంది. ఒక్కోసారి చాలా తర్వాత వస్తుంది. నేను ఆ ఊళ్లోనే పుట్టి, కర్నూలులో ఎముకల వైద్యం చదివి, ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం ఆదోని, ఎమ్మిగనూరు వైపు పిల్లల్నే చూశాను. రాత్రిపూట క్యాజువాలిటీకి వచ్చే పిల్లలు. మోచేయి వాచి ఉంటుంది, ఆకుపసరు వాసన వస్తుంటుంది, కోడిగుడ్డు సొన ఎండి కట్టు అట్టకట్టి ఉంటుంది. ఆ కట్టు చూడగానే తల్లిదండ్రుల మీద కేకలేసే డాక్టర్లున్నారు. వాళ్లతో నాకెప్పుడూ పొసగలేదు. “ఎవరితో కట్టిద్దాం” అనే మాట వెనక నూట నలభై ఏళ్ల చరిత్ర ఉంది. రైలుమార్గం ఉంది, జిల్లా సరిహద్దులున్నాయి, వలసలున్నాయి. అవేవీ పట్టించుకోకుండా కేకలేస్తే ఆ తల్లి మళ్లీ ఆస్పత్రి గడప తొక్కదు. పోయేది పిల్లవాడి చెయ్యి.

పడటం గురించి ముందు చెప్పాలి. మా వైపు పాత ఇళ్లు చవుడు మిద్దెలు. రాతి గోడలు, కట్టె దూలాలు, వాటి మీద చవుడు మట్టి పరిచి తొక్కి చదును చేసిన కప్పు. చుట్టూ పిట్టగోడ ఉండదు. మిరపకాయలు ఆరబోసేది దాని మీదే, ఎండాకాలం ఇంటిల్లిపాదీ పడుకునేదీ దాని మీదే. ఇల్లూ ఇల్లూ ఆనుకునే ఉంటాయి గనక పిల్లలు వీధిలో కాలు పెట్టకుండానే నాలుగిళ్లు దాటిపోతారు. నిద్రమత్తులో ఒంటికి లేచి అంచు దాటి పడిన పిల్లల్ని నేను ప్రతి ఎండాకాలం చూశాను. మిద్దె తర్వాత చింతచెట్టు. తర్వాత ఎద్దుల బండి. ఉరుకుంద ఈరన్న స్వామికి శ్రావణమాసంలో బండ్లు కట్టుకుని పోయే రోజుల్లో బండి మీంచి జారినవాళ్లు, ఆ బండ్లు ట్రాక్టర్లయ్యాక ట్రాలీ అంచు మీంచి జారినవాళ్లు. పెద్దల సైకిలు కడ్డీ కింద కాలు దూర్చి తొక్కబోయి పడినవాళ్లు ఒక తరం. ఇప్పుడు కాంక్రీటు మిద్దెలకు పిట్టగోడలొచ్చాయి, సైకిళ్లు పిల్లల ఎత్తుకు తగ్గాయి. మోటారు సైకిలు ట్యాంకు మీద కూర్చున్న పిల్లలు వచ్చారు.

ఎక్కణ్నుంచి పడినా పడే తీరు ఒకటే. పిల్లవాడు చెయ్యి చాపి నేలకు ఆనిస్తాడు. ఒంటి బరువంతా మోచేతి మీదికి వస్తుంది. దండచేయి ఎముక కింది కొసలో ముందొక గుంట, వెనకొక గుంట ఉంటాయి. ఆ రెండు గుంటల నడుమ ఎముక అప్పడమంత పలచన. ఐదు నుంచి ఏడేళ్ల లోపు పిల్లల్లో తరచుగా విరిగేది అక్కడే, అందులోనూ ఎడమ చేతికే ఎక్కువ. కింది ముక్క వెనక్కి జారుతుంది, పై ముక్క మొన ముందుకు పొడుచుకొస్తుంది. ముంజేతికీ వేళ్లకూ నెత్తురు తీసుకుపోయే పెద్ద రక్తనాళం సరిగ్గా ఆ ముందువైపే ఉంది. దాని పక్కనే నరం ఉంది.

అందువల్ల దీన్ని మిగతా ఎముకలతో కలిపి చూడకూడదు. ముంజేయి కొంచెం వంకరగా అతికినా పిల్లవాడు ఎదిగేకొద్దీ అది చాలావరకు సర్దుకుంటుంది. దండచేయి ఎముక పొడవులో పెరిగేది నూటికి ఎనభై పాళ్లు భుజం వైపు నుంచి, మోచేయి వైపు నుంచి ఇరవై పాళ్లే. కాబట్టి మోచేతి దగ్గర వంకరగా అతికితే అది దాదాపు అలాగే ఉండిపోతుంది. ఆ వంకర కంటికి కనబడుతుంది తప్ప పనికి పెద్దగా అడ్డం రాదు, తర్వాత ఆపరేషన్‌తో సరిచేయొచ్చు కూడా. వేళ్లకు నెత్తురు అందకపోవడం వేరు. దానికి కొన్ని గంటలే గడువు.

1881 దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. జర్మనీలో హాలె పట్నంలో రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ అనే శస్త్రవైద్యుడు ఆ ఏడు ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. చెయ్యి విరిగినవాళ్లకు బిగుతుగా కట్టు కడితే కొన్ని గంటల్లోనే వేళ్లు ముడుచుకుపోయి, ముంజేతి కండలు గట్టిపడిపోతున్నాయని అందులో రాశాడు. అంతకుముందు దీన్ని నరాల జబ్బు అనుకునేవారు. నెత్తురు అందక కండ చచ్చిపోవడమే దీనికి కారణమని, నెత్తురును ఆపింది కట్టేనని ఆయన తేల్చాడు. ఈనాటికీ ఆ అవకరానికి ఆయన పేరే. 1870–71లో ఫ్రాన్స్‌తో జరిగిన యుద్ధంలో సైన్యంలో వైద్యుడిగా ఉంటూ, మారుపేరుతో కథలు రాసి ఇంటికి పంపిన మనిషి ఆయన. జర్మనీ పిల్లలు ఆ కథలను తరతరాలు చదువుకున్నారు. పిల్లల కథలు రాసిన చెయ్యే పిల్లల చేతుల గురించి ఆ వ్యాసం రాసిందన్న సంగతి నాకు చాలా ఇష్టం.

పుత్తూరు దగ్గర రాచపాళెంలో రాజుల కుటుంబం కట్టు కట్టడం మొదలుపెట్టింది కూడా 1881లోనేనని అక్కడివాళ్లు చెబుతారు. పుత్తూరు తర్వాత చేరిన చిత్తూరు జిల్లా అప్పటికింకా లేదు, అది 1911లో ఏర్పడింది. అడవి, వేట, ఒక ఆకు, అతుక్కున్న ఎముక, ఇలా సాగే మూలకథ ఒకటి ప్రచారంలో ఉంది. కథ ఎలా ఉన్నా పని మాత్రం నిజం. వేళ్లతో తడిమి విరిగిన చోటు పట్టుకోవడం, లాగి సరిచేయడం, ఆకుముద్ద, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన విద్య. తెలుగు జిల్లాల నుంచీ తమిళ, కన్నడ దేశాల నుంచీ జనం అక్కడికి పోయారు, ఇంకా పోతూనే ఉన్నారు.

మా కౌతాళం వాళ్లు దాదాపు నాలుగువందల కిలోమీటర్లు దాటి అక్కడికి ఎలా పోయారంటే రైలు వల్ల. మద్రాసు నుంచి వాయవ్యంగా వేసిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు లైనుతో కలిసింది. ఆ లైను మీదే మాకు దగ్గరగా ఆదోని, కోసిగి ఉన్నాయి. అదే లైను గుంతకల్లు, కడప, రేణిగుంట దాటి అరక్కోణం పోయేటప్పుడు పుత్తూరు మీదుగా పోతుంది. కోసిగిలో ఎక్కితే పొద్దు తిరిగేసరికి పుత్తూరు చేరొచ్చు. మా జిల్లా ముఖ్యపట్టణం కర్నూలుకు మాత్రం నేరుగా పోయే రైలు లేదు. పుత్తూరు కట్టు మా వైపు ఇంత గట్టిగా నాటుకోవడంలో నమ్మకం పాలు ఎంతో రైలు పట్టాల పాలూ అంతే ఉంది.

ఆ పేరు ఊరూరికీ పాకింది. బస్టాండు దగ్గర, సంత దగ్గర ‘ఇచ్చట పుత్తూరు కట్టు కట్టబడును’ అన్న బోర్డు కనబడని పట్నం రాయలసీమలో అరుదు. వాళ్లలో రాచపాళెం మొహం చూసినవాళ్లు ఎందరో నాకు అనుమానమే. బోర్డు లేని వాళ్లూ ఉన్నారు. గొర్రెలు కాచే ఇళ్లల్లో గొర్రెపిల్ల కాలు విరిగితే ఇంట్లోనే కట్టుకుంటారు. ఆ చేతివాటం ఉన్నవాళ్ల దగ్గరికి మనుషులూ పోతారు. డబ్బు తీసుకోరు. టెంకాయ, ఆకువక్క. గుడ్డ చించి, తెల్లసొనలో మినప్పిండి కలిపి పూసి, బద్దలు పెట్టి చుట్టేస్తారు. ఎండాక అది రాయిలా గట్టిపడుతుంది.

వాళ్ల మంచితనాన్ని నేను ఎప్పుడూ శంకించలేదు. వాళ్ల కీర్తి ఎలా పెరిగిందన్నది మాత్రం డాక్టరుగా నేను చెప్పాల్సిన సంగతి. పిల్లల మెడ దగ్గరి ఎముక విరిగితే దాదాపు ఏ కట్టు కట్టినా, అసలు కట్టకపోయినా అతుకుతుంది. పక్కటెముకలూ అంతే. మణికట్టు దగ్గర ముక్క జరగకపోతే అదీ అంతే. పదిమందిలో ఎనిమిది మందికి బాగయితే ఊరు ఆ చెయ్యిని నమ్ముతుంది, అందులో తప్పేముంది? ఆ నమ్మకంతోనే మోచేయి విరిగిన పిల్లవాణ్ని కూడా తీసుకుపోతారు. వాటంతట అవే అతికే ఎముకలు సంపాదించిపెట్టిన పేరుకు మూల్యం మోచేయి చెల్లించింది.

మా వీధిలో నాకంటే ముప్పై ఏళ్లు పెద్దాయన ఒకరుండేవారు. ఎడమ చేతి వేళ్లు ముడుచుకుపోయి ఉండేవి. మణికట్టు బాగా కిందికి వంచితే వేళ్లు కొంచెం తెరుచుకునేవి, పైకి ఎత్తితే మళ్లీ ముడుచుకునేవి. ఎద్దుల పగ్గం పట్టుకోవాలంటే ముందు మణికట్టు వంచి, వేళ్ల సందులో పగ్గం దూర్చుకుని, తర్వాత మణికట్టు ఎత్తేవారు. జీవితమంతా అలాగే సేద్యం చేశారు. ఆయన చిన్నప్పుడు మిద్దె మీంచి పడితే కట్టు కట్టించారని మా జేజి చెప్పేది. “మూడు రాత్రులు ఒకటే ఏడుపంట నాయనా. నాలుగోనాడు ఏడుపు నిలిచిపాయ. నొప్పి తగ్గిందని అందరూ సంతోషపడినారంట.”

కర్నూలులో ఫోల్క్‌మన్ పాఠం చెప్పిన రోజు, మణికట్టు వంచితే వేళ్లు తెరుచుకోవడమే దీని గుర్తు అని మా ప్రొఫెసరు చెయ్యి వంచి చూపించారు. నాకు మా వీధి ఆయన కనిపించారు. నాలుగోనాడు ఏడుపు ఎందుకు ఆగిందో కూడా ఆ పూటే తెలిసింది. నొప్పి తెలిపే నరం కూడా అప్పటికి చచ్చిపోయింది.

అప్పట్నుంచి పాత వైద్యం పుస్తకాలు వెతికాను, మనవాళ్లకు ఈ సంగతి తెలియదా అని. తెలుసు. సుశ్రుత సంహితలో నిదాన స్థానంలో ఒక అధ్యాయం, చికిత్సా స్థానంలో ఒక అధ్యాయం పూర్తిగా విరిగిన ఎముకల గురించే. ఎముక విరగడంలో పన్నెండు రకాలు, కీలు జారడంలో ఆరు రకాలు సుశ్రుతుడు చెప్పాడు. బద్దలకు మేడి, రావి, మోదుగ, మద్ది, మర్రి బెరళ్లు, వెదురు పనికొస్తాయన్నాడు. అంతకంటే ముఖ్యం, కట్టు వదులైతే కీలు నిలవదు, బిగుతైతే వాపు, నొప్పి, పుండు వస్తాయి, నడిమిరకంగా కట్టేవాడే తెలిసినవాడు అన్నాడు. కట్టు విప్పి మళ్లీ కట్టడానికి రుతువును బట్టి గడువు పెట్టాడు. చలికాలం ఏడు రోజులకొకసారి, మధ్యస్థ కాలంలో ఐదు రోజులకు, వేసవిలో మూడు రోజులకు. పిల్లల ఎముక నెల రోజుల్లో గట్టిపడుతుందని, నడివయసువాళ్లకు దానికి రెట్టింపు, ముసలివాళ్లకు మూడు రెట్లు పడుతుందని లెక్క చెప్పాడు. పిల్లల విషయంలో ఆ నెల లెక్క ఈనాటికీ సరిపోతుంది.

కట్టి పంపేశాక మళ్లీ చూడాలన్న నియమం అంత పాతది. రాచపాళెంలోనూ రోగిని మళ్లీ రమ్మంటారు, కట్టు మారుస్తారు. బోర్డులతో పాటు ఊరూరికీ పాకినప్పుడు ఆ రెండోసారి చూపు దారిలో రాలిపోయింది. బద్దలు వచ్చాయి, సొన వచ్చింది, ఆకు పేరు వచ్చింది. మూడో రోజు రమ్మనడం రాలేదు.

ఆస్పత్రి సంగతి చెప్పకపోతే నేను పక్షపాతం చూపించినట్టే. నెదర్లాండ్స్ సైన్యంలో వైద్యుడు ఆంటోనియస్ మథైసెన్ 1852లో పిండికట్టు గురించి రాశాడు. జిప్సం పొడి రుద్దిన గుడ్డను తడిపి చుడితే నిమిషాల్లో గట్టిపడుతుంది. అది యుద్ధాల మీదుగా లోకమంతా పాకింది. ఫోల్క్‌మన్ భయపడిన బిగుతు కట్టు నాటు వైద్యుడిది కాదు, తన తోటి డాక్టర్లదే. విరిగిన మోచేయి మొదటి రెండు రోజులు వాస్తూనే ఉంటుంది. చుట్టూ మూసేసిన కట్టు ఏదైనా, తెల్లసొనదైనా జిప్సందైనా, ఆ వాపుకు చోటివ్వదు. కట్టు లేకుండానే లోపలి వాపుతో కండ చావొచ్చన్న సంగతి తర్వాతి తరం వైద్యులు కనిపెట్టారు. అందుకే ఇప్పుడు మేం మొదటిరోజు చుట్టూ పిండికట్టు వేయం; వెనకవైపు మాత్రం సగం కట్టు పెట్టి, వదులుగా గుడ్డ చుట్టి, మెడకు పట్టీ వేస్తాం.

ఇంగ్లండులో లివర్‌పూల్ వాళ్ల కథ మా వైద్య విద్యార్థులందరికీ చెప్పాలనిపిస్తుంది. ఎవన్ థామస్ అనే ఆయన వంశపారంపర్యంగా ఎముకలు కట్టేవాడు. డాక్టర్లు ఆయన్ని కోర్టులకు ఈడ్చారు. ఆయన కొడుకుల్ని వైద్య కళాశాలకు పంపాడు. వాళ్లలో హ్యూ ఓవెన్ థామస్ డిగ్రీ తెచ్చుకుని, తండ్రి చేతివిద్యనూ వదలకుండా, లివర్‌పూల్ బీదలకు ఆదివారాలు ఉచితంగా వైద్యం చేశాడు. బ్రిటన్‌లో ఎముకల వైద్యానికి ఆయన్నే ఆద్యుడంటారు. ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దాన్ని ప్రపంచానికంతా నేర్పాడు. 1867లో లండన్‌లో జేమ్స్ పాజెట్ అనే పెద్ద శస్త్రవైద్యుడు, ఎముకలు కట్టేవాళ్లు నయం చేసే రోగుల గురించే ఒక ఉపన్యాసమిచ్చి, వాళ్ల దగ్గర మంచిదేదో నేర్చుకుని చెడ్డది వదిలేయమని తోటి డాక్టర్లకు చెప్పాడు. మన దగ్గర అలా రెండు వైపులనూ కలిపే మనిషి పుట్టలేదు. పుత్తూరు పక్కన ఒక వైద్య కళాశాల కూర్చుని, వాళ్ల పనిని శ్రద్ధగా చూసి, మంచీచెడూ విడదీసి రాసి ఉంటే ఎంత బాగుండేదో.

మా వైపు ఆస్పత్రుల దూరం సరిహద్దులతో పాటు మారింది. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. మా తాతల తరానికి కోర్టయినా పెద్దాస్పత్రి అయినా బళ్లారే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి, రాయదుర్గం అనంతపురంలో కలిసింది. రాజధాని కర్నూలే గనక మా వాళ్లు సంబరపడ్డారు. మూడేళ్లకు, 1956లో, రాజధాని హైదరాబాదుకు పోయింది. అదే ఏడు కర్నూలులో మెడికల్ కాలేజీ మొదలైంది. పోయిన రాజధాని కంటే వచ్చిన కాలేజీయే మా పిల్లలకు మేలు చేసిందని నా గట్టి నమ్మకం. దూరం మాత్రం తగ్గలేదు. ఆదోని నుంచి కర్నూలు సుమారు వంద కిలోమీటర్లు, కౌతాళం నుంచి ఇంకా ఎక్కువ. బళ్లారి మాకు దగ్గరే, అక్కడ 1961లో మెడికల్ కాలేజీ వచ్చింది, కానీ అప్పటికి అది పరాయి రాష్ట్రం. ఆ సరిహద్దు ఒక్కోసారి పిల్లవాడి చేతిని రెండు పూటలు ఆలస్యం చేసేది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి ఆ ఆలస్యాన్ని చాలావరకు తగ్గించింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఖర్చు భయం తగ్గించింది.

ఎక్స్‌రే గురించి రెండు మాటలు. రాంట్‌జన్ 1895 నవంబరు 8న ఆ కిరణాలను కనుక్కున్నాడు. పెద్దవాళ్ల ఎముక విరిగితే ఎక్స్‌రేలో ఎవరికైనా కనబడుతుంది. పిల్లల మోచేయి అలా కాదు. పుట్టినప్పుడు అక్కడ చాలాభాగం మెత్తటి మృదులాస్థే, అది ఎక్స్‌రేలో కనబడదు. ఏడాది వయసుకు ఒకటి, మూడేళ్లకు ఇంకొకటి, ఐదు, ఏడు, తొమ్మిది, పదకొండేళ్లకు ఒక్కొక్కటి చొప్పున ఆరు చోట్ల ఎముక గింజలు పుట్టి, పెరిగి, చివరికి కలిసిపోతాయి. ఏ వయసుకు ఏ గింజ ఉండాలో తెలియనివాడికి ఎదుగుతున్న గింజ విరిగిన ముక్కలా కనబడుతుంది, విరిగిన ముక్క గింజలా కనబడుతుంది. కొత్తగా డ్యూటీలో చేరిన పిల్ల డాక్టర్లకు నేను చెప్పేది, అనుమానముంటే రెండో చెయ్యీ ఎక్స్‌రే తీసి పక్కపక్కన పెట్టుకోమని. ముఖ్యంగా బయటి పక్క గింజ విరిగితే పైకి వాపు పెద్దగా ఉండదు, బెణుకని పంపేస్తారు. అలా వదిలేస్తే అది తరచుగా అతకదు. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత చెయ్యి బయటికి వంగి, చిటికెన వేలు తిమ్మిరెక్కి అదే మనిషి మళ్లీ వస్తాడు.

వీటన్నిటికంటే నేను ఎక్కువ రుణపడింది ఒక తీగకు. మార్టిన్ కిర్ష్‌నర్ అనే జర్మన్ వైద్యుడు 1909లో వాడకంలోకి తెచ్చిన సన్నటి ఉక్కు తీగ అది. మేం చదువుకునే రోజుల్లో ముక్క బాగా జరిగిన మోచేతిని లాగి సరిచేసి, అది మళ్లీ జారకుండా మోచేయి బాగా మడిచి కట్టేవాళ్లం. మడిస్తే ఎముక నిలుస్తుంది. మడిస్తే వాచిన చేతిలో రక్తనాళం నొక్కుకుపోతుంది, నాడి అందదు. కొంచెం చాపితే నాడి అందుతుంది, ఎముక జారుతుంది. రాత్రంతా ఆ రెంటి మధ్య కొట్టుమిట్టాడటమే. లేకపోతే పిల్లవాడి చేతికి బరువు కట్టి, మంచం పక్కన వేలాడదీసి రోజుల తరబడి పడుకోబెట్టడం. స్వెన్సన్ అనే అమెరికన్ 1948లో, చర్మం కోయకుండా బయటినుంచే రెండు తీగలు గుచ్చి ముక్కను నిలబెట్టొచ్చని రాశాడు. ఫ్లిన్, ఆయన తోటివాళ్లు 1974లో రాశాక అది బాగా వ్యాపించింది. ఆపరేషన్ చేస్తూనే తెర మీద ఎముకను చూపించే సీ-ఆర్మ్ యంత్రం ఊళ్లకు అందాక అది మా పనీ అయింది.

తీగ ఎముకను పట్టుకుంటుందని అందరూ అంటారు. అంతకంటే పెద్ద మేలు ఇంకొకటి చేసింది. ఎముకను పట్టుకునే పని కట్టుకు తప్పించింది. కట్టు బిగించాల్సిన అవసరమే లేదిప్పుడు, మోచేయి మడవాల్సిన అవసరం లేదు. ఫోల్క్‌మన్ రాసిన ఆపదకు మూలమైన బిగుతును, దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత, ఆ సన్నటి తీగ వదులు చేసింది.

అయినా వేళ్లు చూడాల్సిందే. పిల్లవాడు రాగానే నేను ఎక్స్‌రే కంటే ముందు వేళ్లు చూస్తాను. వెచ్చగా ఉన్నాయా, గోరు నొక్కి వదిలితే ఎర్రదనం వెంటనే తిరిగొస్తోందా, నాడి అందుతోందా. బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టమంటాను; ముందువైపు నరానికి దెబ్బ తగిలితే ఆ సున్నా గుండ్రంగా రాదు. ముడిచిన వేళ్లను మెల్లగా సాగదీస్తే పిల్లవాడు కెవ్వుమంటే, మందిచ్చినా నొప్పి పెరుగుతూ పోతే, అప్పుడు ఎవరి కట్టయినా సరే వెంటనే విప్పేస్తాను, నా కట్టయినా సరే. ఆరు నుంచి ఎనిమిది గంటలు దాటితే కండ తిరిగిరాదు. తెల్లవారనిద్దాం అనుకోవడానికి అక్కడ వ్యవధి లేదు.

నైజీరియాలో ఇలాంటి కట్టుతో చేతులు, కాళ్లు కుళ్లి తీసేయాల్సి వచ్చిన పిల్లలు చాలామంది. అక్కడి ఎముకల డాక్టర్లు 2000 తర్వాత కట్టు వైద్యులకు శిక్షణ ఇచ్చి చూశారు. ఏది కట్టొచ్చు, ఏది పంపేయాలి, కట్టాక ఏం చూడాలి అన్నవే నేర్పారు. కుళ్లిపోవడం తగ్గింది. మా వైపు కూడా ఇది సాధ్యమే. నేను కట్టు కట్టే పెద్దమనుషులతో మాట్లాడినప్పుడల్లా చెప్పింది ఒకటే. “అన్నా, మెడ ఎముక నువ్వు కట్టుకో, నేను అడ్డం రాను. పిల్లల మోచేయి మాత్రం గుడ్డ చుట్టి, బద్ద పెట్టి, బిగించకుండా మా దగ్గరికి పంపు.” కొందరు పంపుతున్నారు. పంపేటప్పుడు వాళ్లే బస్సెక్కించి, “డాక్టరుకు నా పేరు చెప్పండి” అని చెబుతారు. వాళ్ల పేరు చెప్పుకుంటూ వచ్చిన తల్లిని నేను ముందుగా చూస్తాను.

ఇంకా మిగిలిన చిక్కు సుగ్గి, అంటే పంటకోతలకు పోయే వలస. మా పడమటి ఊళ్లలో వానలు ఎత్తిపోయిన ఏడు, ఎత్తిపోని ఏడు కూడా, పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కుటుంబాలు గుంటూరు వైపు పోతాయి. కౌతాళం, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లలో తాళాలు పడతాయి. పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకుపోతారు. తీగలు గుచ్చిన చేతితో ఉన్న పిల్లవాడికి మూడు, నాలుగు వారాలకు తీగలు తీయాలి. ఆ నాలుగు వారాలు ఊళ్లో ఉండమంటే, “కూలి పోతాది సార్, మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చినాడు” అంటారు. వాళ్లను ఉండమని బలవంతం చేసే హక్కు నాకు లేదు.

అందుకని ఒక కాగితం రాసిస్తాను. ఏ తేదీన పడ్డాడు, ఏ చెయ్యి, ఎన్ని తీగలు, ఏ తేదీన తీయాలి, నాడి అందుతోందా, ఏ వేలు బలహీనంగా ఉంది. కింద, ఏ ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా తీగలు తీయవలసిందిగా ప్రార్థన. తీగలు తీశాక మోచేయిని నూనె రాసి గట్టిగా పిసకవద్దని, బలవంతంగా చాపవద్దని, ఆడుకుంటుంటే అదే సాగుతుందని తల్లికి వేరే రాస్తాను, ఎందుకంటే ఆ పిసకడంతో కీలు బిగుసుకుపోయిన పిల్లల్ని నేను చూశాను. గుంటూరు వైపు డాక్టర్లు ఒకరిద్దరు ఆ కాగితం వెనకే జవాబు రాసి పంపారు. ఆదోని డివిజన్‌లో ఎముకలు చూసే ప్రతి ఆస్పత్రీ ఇలాంటి కాగితం అచ్చు వేయించి పెట్టుకోవాలి. తెలుగులో ఒక పక్క, కన్నడంలో ఒక పక్క. కొన్ని ఊళ్లవాళ్లు గుంటూరుకు పోతే కొన్ని ఊళ్లవాళ్లు బళ్లారికి, రాయచూరుకు పోతారు.